రెండో స్కోర్‌కార్డు: టోర్నమెంట్ గోల్ఫ్ కోసం బుర్రకు ప్రాక్టీసు

జూన్, మొదటి వారం

ఈ ప్రాజెక్టు ఉద్దేశం ఒక్కటే. ఆదివారం స్నేహితులతో ఆడినప్పుడు వచ్చే స్కోరు, టోర్నమెంటులో పేరు పిలిచి టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) మీదికి రమ్మన్నప్పుడు కూడా రావాలి. ఇప్పుడు రెండింటికీ మధ్య ఏడెనిమిది స్ట్రోకుల (బంతిని కొట్టిన దెబ్బల) తేడా ఉంది, గోల్ఫ్‌లో ఎన్ని తక్కువైతే అంత మంచిది. నా హ్యాండీక్యాప్ 14, అంటే కోర్సుకు పెట్టిన లెక్క కంటే సుమారు అన్ని స్ట్రోకులు ఎక్కువ కొట్టే స్థాయి. స్వింగు అదే, క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) అవే, గోల్కొండ నయా ఖిల్లా గోడల మధ్య కోర్సూ అదే. చాలాసార్లు క్యాడీ (సంచి మోసే సహాయకుడు) కూడా అదే మనిషి. మారుతున్నది నా బుర్ర ఒక్కటే. అందుకని డిసెంబరులో మా క్లబ్ ఛాంపియన్‌షిప్ అయ్యేదాకా స్వింగు జోలికి వెళ్లను, కొత్త డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) కొనను. పనంతా బుర్ర మీదే.

ముందుగా తేడా ఎక్కడ పుడుతోందో రాసుకున్నాను. ఆదివారం మొదటి టీ మీద బంతి చెట్లలోకి పోతే "ఇంకోటి కొట్టు బావా" అంటారు. మూడడుగుల పుట్ (కప్పులోకి బంతిని దొర్లించే షాట్) మిగిలితే "ఇచ్చేశాం, తీసెయ్" అంటారు. ఏ ఐరన్ (ఇనుప తల క్లబ్, నంబరు పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది) కొట్టావని అడిగితే చెప్తారు. మెడల్ రౌండులో, అంటే కొట్టిన ప్రతి స్ట్రోకూ లెక్కకొచ్చే పోటీలో, ఇవేవీ ఉండవు. బంతి కప్పులో పడేదాకా హోల్ పూర్తయినట్టు కాదు. తోటి ఆటగాణ్ని ఏ క్లబ్ వాడావని అడిగితే రెండు స్ట్రోకుల పెనాల్టీ. రౌండు నడిచే నాలుగున్నర గంటల్లో మాట సాయం చేసే హక్కున్నది మన క్యాడీకి మాత్రమే.

స్టేబుల్‌ఫోర్డ్ పోటీల్లో కొంత ఊపిరాడుతుంది. డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ పేరు మీద వచ్చిన, హోల్‌కి ఇన్ని పాయింట్లని ఇచ్చే ఈ పద్ధతిలో తొలి పోటీ 1932లో ఇంగ్లండ్‌లోని వాలసీలో జరిగింది. ఒక హోల్ పూర్తిగా పాడైతే ఆ హోల్‌కి సున్నా పాయింట్లు, అంతే. బంతి జేబులో వేసుకుని ముందుకు నడవొచ్చు. స్ట్రోక్ ప్లేలో అలా కుదరదు. తొమ్మిది పడితే తొమ్మిదీ రాయాల్సిందే, ఆ తొమ్మిది చివరిదాకా వెంట వస్తుంది. మా ఛాంపియన్‌షిప్ మూడు రౌండ్ల స్ట్రోక్ ప్లే కాబట్టి అసలు పరీక్ష దానికే.

ఇంకో లెక్క కూడా వేశాను. ఒక్కో షాట్‌కి అర నిమిషం చొప్పున తొంభై షాట్లకు ముప్పావు గంట. మిగతా మూడు ముప్పావు గంటలూ నడకే, ఎదురుచూపే. టెన్షన్ పెరిగేది ఆ ఖాళీలోనే. మనసును ప్రాక్టీసు చేయించడమంటే ఈ ఖాళీకి ఒక పద్ధతి పెట్టడం, బంతి దగ్గరి అర నిమిషానికి ఇంకో పద్ధతి పెట్టడం. "పాజిటివ్‌గా ఆలోచించు" అన్న సలహా చాలామంది ఇస్తారు. మంచి సలహానే, కానీ పదమూడో హోల్ మీద దాన్ని పట్టుకుని ఏం చేయాలో ఎవరూ చెప్పరు. చేతితో చేయగలిగే పని ఏదైనా కావాలి నాకు.

జూన్, చివరి వారం

రెండో స్కోర్‌కార్డు తయారైంది. మామూలు కార్డు మార్కర్ (మన స్కోరు రాసే తోటి ఆటగాడు) దగ్గర ఉంటుంది, ఇది నా జేబులో. చిన్న నోటుబుక్కులో పద్దెనిమిది వరుసలు, ఒక్కో వరుసకు మూడు గళ్లు.

మొదటి గడి పేరు "తేల్చుకున్నానా". బంతి మీదికి వెళ్లేలోగా టార్గెట్, క్లబ్, షాట్ మూడూ తేలిపోయాయా అన్నది ఇందులోకి వస్తుంది. రెండోది "నమ్మి కొట్టానా". తేల్చుకున్నదాన్నే, మధ్యలో ఇంకో ఆలోచన రాకుండా కొట్టానా అని. మూడోది "వదిలేశానా". షాట్ మంచిదైనా చెడ్డదైనా తర్వాతి బంతి దగ్గరికి చేరేలోగా దాని సంగతి మర్చిపోయానా అని. ప్రతి గడిలో టిక్కు లేదా ఇంటూ. షాట్ షాట్‌కీ రాస్తే ఆట సాగదు కాబట్టి హోల్‌కి ఒకసారే రాస్తాను. ఆ హోల్‌లో ఒక్క షాట్ తప్పినా ఇంటూనే. బంతి ఎక్కడ పడిందో ఇందులో ఎక్కడా ఉండదు. అది ఈ ప్రాజెక్టుకు ప్రాణం. తేల్చుకుని, నమ్మి కొట్టిన బంతి బంకర్‌లో (ఇసుక గుంటలో) పడినా టిక్కే. అయోమయంలో కొట్టిన బంతి రాయికి తగిలి గ్రీన్ (కప్పు ఉండే నున్నటి గడ్డి) మీదికి ఎగిరొచ్చినా ఇంటూనే.

బంతి దగ్గర చేసే పనికి ఆధారం స్వీడన్ కోచ్ పియా నీల్సన్, ఆమెతో కలిసి పనిచేసే లిన్ మారియట్ నేర్పే పద్ధతి. బంతి వెనక ఒక గీత ఉందనుకోవాలి. గీతకు వెనక ఆలోచించే చోటు, ముందు ఆడే చోటు. దూరం, గాలి, ఏ క్లబ్ అన్నవన్నీ గీత వెనకే అయిపోవాలి. గీత దాటాక ఆలోచనకు చోటు లేదు. 2001లో ఒక రౌండులో 59 కొట్టిన అన్నికా సోరెన్‌స్టామ్ నీల్సన్ దగ్గర తయారైన ఆటగత్తె.

నాకు నచ్చింది ఏంటంటే 2019 నుంచి నియమాలు కూడా దీనికి కలిసొస్తున్నాయి. స్టాన్స్ తీసుకోవడం, అంటే కొట్టడానికి కాళ్లు సర్దుకుని నిలబడటం, మొదలుపెట్టాక క్యాడీ వెనక నిలబడి లైన్ చూపించకూడదు. మన వంతు వచ్చాక షాట్‌కి 40 సెకన్లు మించకూడదన్న సూచనా అప్పటినుంచే ఉంది. అంటే గీత దాటాక ఒంటరితనం నియమంలోనే ఉంది, దానికి అలవాటు పడటమే మంచిది.

నేను ఖాయం చేసుకున్న వరస ఇది. గీత వెనక నిలబడి టార్గెట్‌ని క్యాడీకి పైకి చెప్తాను. "ఎడమ బంకర్ కుడి అంచు, ఏడు ఐరన్, మామూలు షాట్." పైకి చెప్తే మనసులో దాచుకున్న అనుమానం బయటపడిపోతుంది, గొంతే పట్టిస్తుంది. ఆ తర్వాత ఒక శ్వాస. తీసుకున్నదానికంటే వదిలేది నిదానంగా. ఊపిరి నెమ్మదిగా వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, గ్రిప్ మీది బిగువూ తగ్గుతుంది. గీత దాటి, టార్గెట్ వైపు రెండు చూపులు, కొట్టడం. మూడో చూపు లేదు.

జూలై

వానలు. కోర్సు తడిసి ముద్దయింది. బంతి దొర్లదు, బూట్లు దిగబడతాయి. ఈ నెలంతా పుట్టింగుకే.

మూడడుగుల పుట్ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఆదివారం ఆటకీ టోర్నమెంటుకీ మధ్య స్ట్రోకుల్లో సగం ఇక్కడే పోతున్నాయని నా పాత కార్డులు చూస్తే తెలుస్తోంది. స్నేహితుల ఆటలో మూడడుగుల పుట్‌లు ఇచ్చేసుకుంటాం. మర్యాద కోసం, టైము కోసం. అంటే ఏడాది పొడవునా ఆ పుట్ మనం కొట్టనే కొట్టం. కొట్టని పుట్‌ని మెడల్ రౌండులో, ముగ్గురు చూస్తుండగా, కార్డు మీద రాయబోయే అంకె కళ్ల ముందు ఆడుతుండగా మొదటిసారి కొడతాం. భయం ఎందుకు వేయదు? కాబట్టి మొదటి మార్పు: ఆదివారాలు కూడా ఇచ్చిన పుట్ తీసుకోను. మా ఫోర్‌బాల్ (నలుగురం కలిసి ఆడే ఆట) వాళ్లకు చెప్పేశాను. "ఏమైందిరా నీకు" అన్నారు. ఒక రెండు వారాలకు వాళ్లలో ఒకాయన కూడా తన పుట్‌లు పూర్తి చేయడం మొదలుపెట్టాడు.

రెండోది, ప్రాక్టీసులోకి టెన్షన్‌ని కావాలని తెచ్చుకోవడం. వాన తెరిపి ఇచ్చినప్పుడు ప్రాక్టీసు గ్రీన్ మీద కప్పు చుట్టూ మూడడుగుల దూరంలో బంతులు గుండ్రంగా పేర్చి అన్నీ వరసగా వేయాలి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి. మొదటి బంతులు ఎవరైనా వేస్తారు. ఆఖరి రెండు బంతుల దగ్గర అరచేతులు చెమ్మగిల్లుతాయి, పుట్టర్ తల వెనక్కి పోవడానికి మొరాయిస్తుంది. సరిగ్గా అదే అనుభూతి కావాలి. ఓడితే క్యాడీకి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. పందెం చిన్నదే అయినా ఆఖరి బంతి దగ్గర చేతులు మాత్రం అలాగే బిగుసుకుంటున్నాయి.

మా క్యాడీ అన్న ముప్పై ఏళ్లుగా ఇదే కోర్సులో ఉన్నాడు. నా పుట్ చూసి చెప్పిన మాట: "సార్, మీ తలకాయ బాల్ కంటె ముందుగాల పోతున్నది. ఆడ్నే ఉండనీయుండ్రి." కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ వికర్స్ పరిశోధించింది సరిగ్గా దీన్నే. మంచి పుట్టర్ల చూపు కొట్టేముందు బంతి మీద రెండు మూడు సెకన్లు కదలకుండా నిలుస్తుంది, బంతి వెళ్లిపోయాక కూడా ఒక్క క్షణం అదే చోట ఉంటుంది. కొత్తవాళ్ల చూపు బంతికీ కప్పుకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. నేను చేస్తున్నదేంటంటే, బంతి వెళ్లాక అది ఉన్న చోట గడ్డిపరకను చూస్తూ, పుట్ పడిందో లేదో చెవితో వినడం. కప్పులో పడిన చప్పుడు వినేదాకా తల ఎత్తను. మూడడుగుల దూరంలో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

ఇంకో అంకె గోడకు అంటించుకున్నాను. అమెరికాలోని పీజీఏ టూర్ పోటీలాడే ప్రొఫెషనల్స్ కూడా ఎనిమిది అడుగుల పుట్‌లలో దాదాపు సగమే వేస్తారు. అంతర్జాతీయ స్థాయి వాళ్లే సగం తప్పిస్తుంటే, ఎనిమిది అడుగుల పుట్ తప్పినందుకు నేను తల పట్టుకోవడంలో అర్థం లేదు. మూడడుగులది తప్పితే మాత్రం ఆలోచించాలి.

జూలై, చివర్లో

వాన రోజు ఇంట్లో కూర్చుని 1999 బ్రిటిష్ ఓపెన్ చివరి హోల్ మళ్లీ చూశాను, రెండో కార్డు చేతిలో పెట్టుకుని. స్కాట్లండ్‌లోని కార్నూస్టీ. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డ వెల్డ్ మూడు షాట్ల ఆధిక్యంతో ఆఖరి టీ మీదికి వచ్చాడు. పార్ అనే నిర్ణీత లెక్కకు ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ. ఇక్కడ డబుల్ బోగీ, అంటే ఆరు కొట్టినా టైటిల్ అతనిదే. డ్రైవర్ తీశాడు. బంతి కుడికి బాగా పోయి పదిహేడో హోల్ వైపు పడింది, కానీ నీళ్లలో పడలేదు. రెండో షాట్ రెండు ఐరన్‌తో గ్రీన్‌కి. అది ప్రేక్షకుల స్టాండు రెయిలింగుకు తగిలి, బారీ బర్న్ వాగు రాతిగోడ మీద పడి, వెనక్కి ఎగిరి దట్టమైన రఫ్‌లోకి (పెరిగిన గడ్డిలోకి) పోయింది. మూడో షాట్ వాగులోకి. బూట్లు, మేజోళ్లు విప్పి నీళ్లలోకి దిగాడు. చివరికి డ్రాప్ (ఒక పెనాల్టీ స్ట్రోకుతో బంతిని బయట వేసుకోవడం) తీసుకున్నాడు. ఐదోది బంకర్‌లో పడింది. అక్కడి నుంచి గ్రీన్ మీదికి తీసి ఏడోదిగా కొట్టిన పుట్ మాత్రం ధైర్యంగా వేశాడు. స్కోర్లు సమమై ఆడిన ప్లేఆఫ్‌లో పాల్ లారీ గెలిచాడు, ఆ ఉదయం పది షాట్లు వెనక ఉన్నవాడు.

అందరూ డ్రైవర్‌నే తప్పుపడతారు. నేను కార్డు నింపితే వేరేగా వచ్చింది. డ్రైవర్ అతను అలవాటుగా కొట్టే క్లబ్, నమ్మకంతో కొట్టాడు. ఆ ఎంపిక మనకు నచ్చకపోవచ్చు గానీ రెండో గడిలో టిక్కే. రెయిలింగుకు తగలడం దురదృష్టం, దానికి గడి లేదు. నా దృష్టిలో అసలు ఇంటూ మూడో షాట్‌ది. దట్టమైన గడ్డిలోంచి నేరుగా వాగు మీదుగా వెళ్లాలనుకున్నాడు, పక్కకు తీసి పెట్టుకునే వీలుంది. అంతకుముందు క్షణంలో జరిగిన దురదృష్టం ఇంకా ఒంట్లో ఉండగానే తీసుకున్న నిర్ణయం అది. అంటే మూడో షాట్ "తేల్చుకున్నానా" గడి పాడవడానికి కారణం రెండో షాట్ "వదిలేశానా" గడి. ఈ రెండు గళ్లకూ మధ్య ఉన్న లంకె నాకు ఇక్కడే అర్థమైంది. నోటుబుక్కులో ఆ రెండింటినీ కలుపుతూ బాణం గీశాను.

ఆగస్టు

నెలవారీ మెడల్. రెండో కార్డుతో ఆడిన మొదటి అసలు పోటీ.

మొదటి టీ మీద పేరు చదివినప్పుడు ఒంట్లో జరిగేది దాచడానికి లేదు. నోరు ఎండుతుంది, వేళ్లు చల్లబడతాయి, గ్రిప్ బిగుస్తుంది. గ్రిప్ బిగువుకి మనసులో పదికి ఒక మార్కు వేయడం అలవాటు చేసుకున్నాను. ఆదివారం నాలుగు ఉంటే ఇక్కడ ఎనిమిది. దాన్ని పూర్తిగా పోగొట్టాలని ప్రయత్నించలేదు, శ్వాస వదులుతూ ఆరుకు దించాను. ఆరుతో కొట్టగలిగే క్లబ్ హైబ్రిడ్ (డ్రైవర్ కంటే పొట్టి, సులువైన క్లబ్) కాబట్టి డ్రైవర్ సంచిలోంచి తీయలేదు. ఆ నిర్ణయం ముందు రోజు రాత్రే అయిపోయింది. మొదటి టీ మీద కొత్తగా ఆలోచించాల్సింది ఏదీ మిగలకుండా చూసుకోవడం ఇప్పటిదాకా ఈ ప్రాజెక్టులో నాకు దొరికిన అతి విలువైన విషయం.

రౌండు అయ్యాక రెండో కార్డు చూస్తే ఆశ్చర్యం. చెడ్డ హోల్ తర్వాత ఇంటూలు వస్తాయని ముందే అనుకున్నాను, వచ్చాయి. ఒక ఓబీ (బంతి కోర్సు హద్దు దాటడం) దెబ్బకు తర్వాతి రెండు హోల్స్ పోయాయి. ఊహించనిది ఇంకొకటి: బర్డీ (పార్ కంటే ఒకటి తక్కువ) తర్వాత హోల్‌లో కూడా ఇంటూ. పార్ వచ్చిన హోల్స్ వరసగా నాలుగైదు ఉంటే, ఆ తర్వాత కూడా ఇంటూ. స్కోరు బాగున్నప్పుడు దాన్ని కాపాడుకోవాలనే ఆలోచన మొదలవుతుంది. అప్పుడు టార్గెట్ "జెండా ఎడమ" కాకుండా "నీళ్లలో పడకుండా" అయిపోతుంది. పడకూడని చోటుని చూస్తూ స్టాన్స్ తీసుకుంటాం.

ఇది నా ఒక్కడి జబ్బు కాదని తెలిసి కాస్త ఊరట. అమెరికాలో డెవిన్ పోప్, మారిస్ ష్వైట్జర్ అనే ఇద్దరు పరిశోధకులు 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. పీజీఏ టూర్‌లో 25 లక్షలకు పైగా పుట్‌లు పరిశీలిస్తే, దాదాపు ఒకే రకమైన పుట్‌ని పార్ కోసం వేసినంత బాగా బర్డీ కోసం వేయడం లేదని తేలింది. తేడా రెండు శాతం దాకా ఉంది. పుట్ అదే, కప్పు అదే. బోగీ తప్పించుకోవాలన్న తపన ఎక్కువ, బర్డీ మీద ఆశ తక్కువ. బర్డీ పుట్‌లు కాస్త పిరికిగా, పొట్టిగా ఆగిపోతాయి. అందుకని గ్రీన్ మీద నాకో కొత్త నియమం. ఇది దేనికి పుట్ అన్న మాట నోట్లోంచి రాకూడదు. క్యాడీ అన్నకు కూడా చెప్పాను, "బర్డీ పుట్ సార్" అనొద్దని. "సరే సార్, ఉత్తగా పుట్ అంటా" అన్నాడు.

సెప్టెంబరు

నడకకు పద్ధతి పెట్టడం ఈ నెల పని. షాట్ కొట్టి క్లబ్ సంచిలో పెట్టేదాకా తిట్టుకోవచ్చు, మెచ్చుకోవచ్చు. క్లబ్ సంచిలో పడ్డాక ఆ షాట్ ముగిసిపోయింది. ఆ తర్వాత తర్వాతి బంతికి యాభై అడుగుల దూరం వచ్చేదాకా గోల్ఫ్ గురించి ఆలోచించకూడదు. కోట గోడ మీద నెమలి ఉందా, ఎక్కడ కొత్త గడ్డి వేశారు, మార్కర్ గారి అమ్మాయికి ఏ కాలేజీలో సీటొచ్చింది, ఇలాంటివి. నాలుగున్నర గంటలు ఏకాగ్రత పట్టి ఉంచడం ఎవరివల్లా కాదు. వదిలి, పట్టి, వదిలి, పట్టడం నేర్చుకోవాలి.

నా ముందు ఆడే వాళ్లు నెమ్మదిగా ఆడితే టీ దగ్గర పది నిమిషాలు నిలబడాల్సి వస్తుంది. ఆ పది నిమిషాలూ ముందుగా క్లబ్ చేతిలోకి తీసుకోకుండా ఉండటం నియమం. క్లబ్ చేతిలో ఉంటే ప్రాక్టీసు స్వింగులు మొదలవుతాయి, స్వింగులతో పాటు స్వింగు గురించిన ఆలోచనలూ వస్తాయి.

స్కోరు కూడబెట్టడం మానేశాను. కార్డు మీద హోల్ వారీగా అంకె వేయాలి, మార్కర్‌తో సరిచూసుకోవాలి, అంతవరకే. తొమ్మిదో హోల్ తర్వాత మొత్తం ఎంతయిందో లెక్కపెట్టే అలవాటు మహా గట్టిది. దాన్ని తప్పించడానికి తొమ్మిది, పది హోల్స్ మధ్య అరటిపండు, పల్లీ చిక్కీ పెట్టుకున్నాను. చేతులకు, నోటికి పని దొరికితే లెక్క గుర్తు రాదు. పైగా పదమూడు, పద్నాలుగు హోల్స్ దగ్గర నా "తేల్చుకున్నానా" గడి పాడవుతున్నది ఆకలి వల్ల కూడానని ఇప్పుడు అనుమానం. తిన్న రౌండులో అక్కడ టిక్కులు పెరిగాయి.

అక్టోబరు

విశాఖ వెళ్లాం, మిత్రుల మధ్య పోటీకి. ఈస్ట్ పాయింట్ కోర్సు సముద్రానికి దగ్గర, గాలి ఎటు మళ్లుతుందో చెప్పలేం. మా కోర్సులో నాకు కంఠస్థమైన దూరాలన్నీ ఇక్కడ పనికిరాలేదు. తెలియని కోర్సులో అనుమానం సహజం. అక్కడి క్యాడీ కుర్రాడు మంచి తెలివైనవాడు. "సార్, ఇక్కడ జెండా వైపు చూడకండి, ఆ కొబ్బరిచెట్టు మీద చూడండి, గాలే తెచ్చేస్తాది" అన్నాడు. కొబ్బరిచెట్టు మీద నమ్మి కొట్టాను. గాలి నిజంగానే తెచ్చేసింది.

నాతో ఆడిన ఇద్దరు కుర్రాళ్లు నాకంటే నలభై, యాభై గజాలు ముందు కొడుతున్నారు. వాళ్లతో పోటీపడాలని చేతులు లాగుతాయి. ఆ రోజంతా అదితి అశోక్‌నే తలచుకున్నాను. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 ఆగస్టు 7న, ప్రపంచ ర్యాంకు 200లో ఉన్న అమ్మాయి నెల్లీ కోర్డా, లిడియా కోతో కలిసి ఆఖరి గ్రూపులో ఆడింది. డ్రైవ్‌లో వాళ్ల వెనకే ఉండేది. వాళ్లకంటే ముందుగా, వాళ్లకంటే పొడుగు క్లబ్‌తో గ్రీన్‌కి కొట్టి, పుట్టర్‌తో లెక్క సరిచేసేది. సంచి మోసింది వాళ్లమ్మ. ఒక్క స్ట్రోకు తేడాతో పతకం చేజారి నాలుగో స్థానం వచ్చింది. ఆ రోజు దేశంలో గోల్ఫ్ తెలియనివాళ్లు కూడా పొద్దున్నే లేచి టీవీ పెట్టారు. పతకం రాలేదని మా ఇంట్లో బాధపడ్డారు. నాకు మాత్రం ఆమె పక్కవాళ్ల ఆట చూసి తన ఆట మార్చుకోకపోవడమే గొప్పగా కనిపించింది, ఇప్పటికీ అంతే. పెద్ద ఆటగాళ్ల పక్కన నడుస్తూ తన పొడుగు క్లబ్‌ని నమ్మడం ఎంత కష్టమో ఒకసారి ఆడి చూసినవాళ్లకు తెలుస్తుంది.

నవంబరు

"వదిలేశానా" గడి ఇంకా మొండికేస్తోంది. మొదటి రెండు గళ్లలో టిక్కులు పెరిగాయి, ఇది మాత్రం నత్తనడక. దీనికోసం ఇద్దరి ఆట మళ్లీ చదివాను, చూశాను.

జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ 1991లో కియావా ఐలండ్‌లో, అమెరికా, యూరప్ జట్ల మధ్య జరిగే రైడర్ కప్‌లో ఆఖరి పుట్ తప్పించాడు. ఆరడుగులది. అది పడి ఉంటే కప్పు యూరప్ దగ్గరే ఉండేది. పైగా చేతులు వణికే జబ్బుతో కెరీర్‌లో మళ్లీ మళ్లీ పోరాడిన మనిషి. మరుసటి వారమే జర్మన్ మాస్టర్స్ ఆడి గెలిచాడు. పుట్టర్ పక్కన పడేసి నెల రోజులు ఇంట్లో కూర్చోలేదు.

రెండోది ఉత్తర ఐర్లండ్ ఆటగాడు రోరీ మెకిల్‌రాయ్. 2011 మాస్టర్స్‌లో నాలుగు షాట్ల ఆధిక్యంతో ఆఖరి రోజు మొదలుపెట్టి 80 కొట్టాడు. రెండు నెలల్లోనే యూఎస్ ఓపెన్ ఎనిమిది షాట్లతో గెలిచాడు. అయినా మాస్టర్స్ జరిగే అగస్టాలో గెలవడానికి 2025 దాకా పట్టింది. ఆ ఆఖరి రౌండులో కూడా మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ, రెండు షాట్ల ఆధిక్యం అక్కడే ఆవిరి. పదమూడో హోల్‌లో వెడ్జ్‌తో (దగ్గరి షాట్లకు వాడే క్లబ్) కొట్టిన మామూలు షాట్ వాగులో పడింది, మళ్లీ డబుల్. పదిహేనులో చెట్లను చుట్టి ఏడు ఐరన్‌తో గ్రీన్ మీదికి అద్భుతమైన షాట్. పద్దెనిమిదిలో గెలిపించాల్సిన ఐదడుగుల పుట్ తప్పింది. ప్లేఆఫ్‌లో జస్టిన్ రోజ్ మీద బర్డీతో గెలిచాడు.

ఇది చూశాక నా మూడో గడి తప్పుగా రాసుకున్నానని కాదు గానీ, దాన్ని మరీ కఠినంగా కొలుస్తున్నానని అనిపించింది. మెకిల్‌రాయ్ ఆ వెడ్జ్ షాట్‌ని వెంటనే మర్చిపోయాడని నేననుకోను. పద్నాలుగులో బోగీ కూడా వచ్చింది. బాధ ఉంటుంది. బాధతో ఉంటూనే తర్వాతి బంతికి గీత వెనక చేసే పని పూర్తిగా చేయగలిగితే చాలు. అందుకని గడి ప్రశ్న మార్చాను. "వదిలేశానా" కొట్టేసి, "గీత వెనక పని పూర్తిగా చేశానా" అని రాశాను. కోపం ఉందా లేదా అన్నది ఇక లెక్కలోకి రాదు.

డిసెంబరు: ఛాంపియన్‌షిప్

మూడు రోజులు. పొద్దున టీ టైము, మంచుకు తడిసిన గడ్డి మీద బంతి తక్కువ దొర్లుతుంది. ముందు రాత్రి హోల్స్ అన్నీ కళ్లు మూసుకుని ఆడుకున్నాను, ప్రతి టీ మీదా క్లబ్ ఖాయం చేసుకున్నాను.

మొదటి రోజు కుదురుగా సాగింది. రెండో రోజు ముందు తొమ్మిది హోల్స్‌లో ఒక ఎనిమిది పడింది. ఒకే బంకర్‌లో మూడు షాట్లు. మార్కర్ గారు పెద్దాయన, అంకె రాస్తూ "ఎనిమిదేనా అండీ" అని మెల్లగా అడిగారు. ఎనిమిదే అండీ అన్నాను. తర్వాతి టీ మీద బాధ పోలేదు, గొంతు దగ్గరే ఉంది. క్యాడీ అన్నకు టార్గెట్ పైకి చెప్పి, శ్వాస వదిలి, రెండు చూపులు చూసి కొట్టాను. ఆ హోల్ బోగీ. ఆ తర్వాతిది పార్. ఆగస్టులో ఒక ఓబీ రెండు హోల్స్‌ని మింగింది. ఈసారి ఎనిమిది ఒక్క హోల్‌తోనే ఆగింది.

మూడో రోజు నీళ్ల మీదుగా కొట్టాల్సిన పార్ త్రీ (మూడు స్ట్రోకుల హోల్). తొమ్మిది ఐరన్ చేతిలో పట్టుకుని గీత దాటేశాను. చెట్ల పైన ఆకులు కదలడం కంటపడింది. లోపల అనుమానం మొదలైంది. మునుపైతే అలాగే కొట్టేసేవాణ్ని, వెనక్కి వస్తే అందరూ చూస్తారని. ఈసారి వెనక్కి వచ్చాను. "ఎదురుగాలి సార్, ఎనిమిది తీస్కోండ్రి" అన్నాడు క్యాడీ అన్న, ముందే సంచిలోంచి సగం తీసి. వరస మొదటినుంచీ మళ్లీ చేశాను. బంతి గ్రీన్ అంచున ఆగింది, చిప్ (గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న షాట్) చేసి పుట్ వేశాను. మూడు రోజుల్లో నేను గర్వపడే షాట్ అదే. వెనక్కి రాగలగడం కోసమే జూన్ నుంచీ పనిచేశాను.

మూడు రౌండ్ల సగటు నా ఆదివారం సగటు కంటే మూడు స్ట్రోకులు ఎక్కువ వచ్చింది. ఏడెనిమిది నుంచి మూడు. బహుమతి దరిదాపుల్లో లేను. మూడడుగుల పుట్‌లు మూడు రౌండ్లలో రెండే తప్పాయి, నాకు అది బహుమతే.

రెండో కార్డు చూస్తూ, ఏ షాట్‌కి ఇంటూ పడిందో గుర్తు చేసుకుంటే తేలింది ఇది. టీ షాట్లలో ఇంటూలు దాదాపు లేవు. పుట్‌లలో తక్కువ. మిగిలినవన్నీ ఒకేచోట గుంపుగా ఉన్నాయి: గ్రీన్‌కి నలభై నుంచి అరవై గజాల మధ్య, బంకర్ అడ్డున్నప్పుడు. పూర్తి స్వింగు కాదు, చిప్పూ కాదు. ఎంత ఊపాలో తేలక "తేల్చుకున్నానా" గడి అక్కడే పాడవుతోంది. దీనికి బుర్ర ఒక్కటే సరిపోదు, దూరాలు కొలిచి పెట్టుకోవాలి. సంక్రాంతి దాటాక మెడల్ ఉంది. ఈలోగా వెడ్జ్‌తో సగం ఊపుకి, ముప్పావు ఊపుకి ఎన్ని గజాలు పోతుందో ప్రాక్టీసు రేంజిలో కొలిచి, నోటుబుక్కు వెనక అట్ట మీద రాస్తాను. కార్డులో ఈ దూరానికి కొత్తగా ఒక గడి పెడుతున్నాను. క్యాడీ అన్నతో శనివారం పొద్దున ఆరింటికి రేంజి దగ్గర అని మాట్లాడుకున్నాను.